మూడడుగులు వెనక్కి

అది ఏ జిల్లా అన్నది ఇక్కడ అనవసరం. పత్తి పండే నేల, రాళ్ళు పగిలే ఎండ అనుకుంటే చాలు. ఆ జిల్లా సాయుధ పోలీసు మైదానంలో హెడ్ కానిస్టేబుల్ ఓబుళేసు ఇరవై రెండేళ్ళుగా తుపాకీ కాల్చడం నేర్పుతున్నాడు. శాఖలో అటువంటివాడిని ఉస్తాదు అంటారు. అహోబిలం స్వామికి దండం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి. శనివారాలు భజన గుడిలో తాళం వేసే మనిషి. దేవుడి తరువాత ఆయన నమ్మింది ఒక్కటే: చేయి ఏది పదివేలసార్లు చేస్తుందో, మనసు చెదిరిన వేళ అదే చేస్తుంది. జీవితమంతా ఏ నామం పలికితే చివరి ఊపిరిలో ఆ నామమే నోటికి వస్తుందని భజన గుడిలో విన్నాడు. తుపాకీ సంగతీ అంతేనని మైదానంలో చూశాడు.

మూడేళ్ళ కిందట ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. ఆయన జీపు దిగగానే కొత్త కానిస్టేబులొకడు చేతిలో పిస్టలు ఉన్న సంగతి మరచి ఆ చేత్తోనే సెల్యూట్ కొట్టాడు. తూటా షామియానాను చీల్చుకుని వెళ్ళి ఉప్మా గిన్నెకు తగిలింది. ప్రాణనష్టం లేదు. ఉప్మా మాత్రం దక్కలేదు.

జిల్లా ఎస్పీ పరాంకుశరావు గారు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పదిహేడు నిబంధనలతో 'నిరపాయ శస్త్రాభ్యాస విధానం' వెలువడింది. ఓబుళేసును పిలిపించి స్వయంగా వివరించారు.

"ఉస్తాద్, ప్రమాదమునకు మూలమేది?"

"తూటా సార్."

"కాదు. చేయి. తుపాకీ చేతియందున్నంత సేపే ప్రమాదము. నేలమీద ఊరకే పడియున్న తుపాకీ వలన ఇంతవరకు ఎవడైనా గాయపడెనా?"

"లేదు సార్. ఎవడన్నా దాన్ని ఎత్తుకుంటే తప్ప."

"ఎవడెత్తును? మైదానములో మనవాళ్ళే కదా ఉండునది?"

మైదానంలో నిజంగానే మనవాళ్ళే ఉంటారు.

విధానం ఇది. కానిస్టేబుల్ రెండుసార్లు కాల్చాలి. వెంటనే వంగి ఆయుధాన్ని నేలమీద పెట్టాలి. మూడడుగులు వెనక్కి వేయాలి. రెండు చేతులూ పైకెత్తి, "ఆయుధం సురక్షితం సార్!" అని మైదానం అంచుదాకా వినబడేటట్టు పలకాలి. ఉస్తాదు ఈల ఊదేవరకు చేతులు దించరాదు. చేతులు పైన ఉన్నంతసేపు, కాల్చేచోటు చుట్టూ గీసిన సున్నపు గీతను మరెవడూ దాటరాదు. ఈల వినగానే మూడడుగులు ముందుకు వచ్చి, ఆయుధం అందుకుని, మళ్ళీ రెండుసార్లు కాల్చాలి. ఈలకు ముందే చేయి దించినవాడు మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తాలి. ఇత్తడి ఈల జిల్లా మొత్తానికి ఒక్కటే. ఓబుళేసు సంతకం చేసి తీసుకుని, నల్లతాడుతో మెడలో వేసుకున్నాడు.

దేవుడొకప్పుడు మూడడుగులు ముందుకు వేసి లోకాలన్నీ కొలిచాడని పురాణం. ఆ జిల్లాలో నాలుగు వందలమంది కానిస్టేబుళ్ళు రోజుకు ముప్పైసార్లు మూడడుగులు వెనక్కి వేయడం మొదలుపెట్టారు. నిజమైన తూటాలు మనిషికి ఏడాదికి పదే వస్తాయి గనుక మిగిలిన అభ్యాసమంతా ఖాళీ పిస్టలుతోనే. వానలోనూ ఆగలేదు, పండుగకూ ఆగలేదు. మూడేళ్ళలో ఒక్కొక్కరు ముప్పైవేలసార్లు చేశారు. మైదానంలో ఈగకు కూడా దెబ్బ తగలలేదు. రాష్ట్రమంతటికీ నిరపాయమైన జిల్లాగా ఎస్పీగారికి జ్ఞాపిక వచ్చింది. గాజు పెట్టెలో పిస్టలు; దానికి మూడడుగుల దూరంలో చేతులెత్తిన బొమ్మ.

అలవాటు మైదానంలోనే ఉండిపోలేదు. ఒకనాటి పొద్దున ఓబుళేసు మజ్జిగ తాగి, లోటా గట్టుమీద పెట్టి, మూడడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. భార్య ఈరమ్మ తేరిపార చూసింది.

"ఏందది? లోటా పేల్తాదా?"

"ఏం లేదులే."

"ఏం లేకుంటే చేతులు యాడికి లేస్తాండాయి? దించు. నెలనుంచి చూస్తాండా. చెంబు పెట్టినా అంతే, చెప్పులిడిచినా అంతే."

ఓబుళేసు చేతులు దించాడు. దించడానికి కొంచెం ప్రయత్నం చేయవలసి వచ్చింది. ఆ రోజంతా ఆయన మనసు మనసులో లేదు.

ఆయన శిష్యులలో మద్దిలేటి అనే కానిస్టేబుల్ ఉండేవాడు. ఇరవై ఆరేళ్ళవాడు. తల్లి చిన్నప్పుడే పోతే ఈరమ్మ చేతి ముద్ద తిని చదువుకున్నవాడు. నేర్పినదాన్ని నేర్పినట్టే చేయడం వాడి గుణం. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వాడు రెండడుగులు వేసింది లేదు, నాలుగడుగులు వేసింది లేదు.

ఆ ఎండాకాలం ఉల్లిగడ్డల మార్కెట్ యార్డులో తూము సుంకన్న అనే రౌడీని పట్టుకోవడానికి వెళ్ళిన బృందంలో మద్దిలేటి ఉన్నాడు. సుంకన్న గోతాల వెనకనుంచి కొడవలి విసిరాడు. మద్దిలేటి ఆకాశంలోకి రెండుసార్లు కాల్చాడు. చేసింది సరైనదే. తరువాత వంగి పిస్టలును సుంకన్న కాళ్ళకు బారెడు దూరంలో నేలమీద పెట్టాడు. మూడడుగులు వెనక్కి వేశాడు. రెండు చేతులూ పైకెత్తి, యార్డు దద్దరిల్లేటట్టు, "ఆయుధం సురక్షితం సార్!" అన్నాడు.

తననెవరైనా సార్ అనడం సుంకన్నకు అదే మొదటిసారి. వాడు ఒక క్షణం వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తరువాత పిస్టలు ఎత్తుకుని కాల్చాడు. తూటా మద్దిలేటి ఎడమచెవి తమ్మెను ఊడ్చుకుపోయింది. మిగిలినవాళ్ళు లాఠీలతో మీదపడి సుంకన్నను అణచేవరకు, ఆ తరువాత కూడా, మద్దిలేటి చేతులు పైనే ఉన్నాయి. రక్తం మెడమీదుగా చొక్కాలోకి కారుతోంది. ఎవరో అంబులెన్సు హారన్ కొడితే అప్పుడు దించాడు.

ఆస్పత్రిలో ఓబుళేసు మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏందిరా మద్దిలేటీ, ఎందుకు పెట్టినావురా కింద?"

"నేను పెట్టలే అన్నా. నా చెయ్యి పెట్టింది." మద్దిలేటి కట్టు మీద వేలుపెట్టి చూసుకున్నాడు. "నాకు తెలిసేలోపల మూడడుగులు అయిపోయినాయి. కొలిచి చూస్కో, సరిగ్గా మూడే ఉంటాయి."

"తూటా రెండు వేళ్ళు ఇవతలికి వచ్చింటే?"

"అప్పుడు నీకు నేను చెప్పేవాణ్ణి కాదు. వదినతో చెప్పొద్దన్నా, ఏడుస్తాది."

ఓబుళేసు మరునాడే అర్జీ పట్టుకుని ఎస్పీగారి ముందు నిలబడ్డాడు. కాల్చిన తరువాత ఆయుధం చేతిలోనే ఉంచి, గోడ చాటుకో స్తంభం చాటుకో జరిగి, నాలుగువైపులా చూసే అభ్యాసం నేర్పడానికి అనుమతి కోరాడు. ఎస్పీగారు సాంతం చదివారు. చదివి చిరునవ్వు నవ్వారు.

"మద్దిలేటి ఆచరణలో దోషమేమైనా కనబడినదా ఉస్తాద్?"

"లేదు సార్. పదిహేడు నిబంధనలూ పాటించినాడు."

"కావున అతనికి ప్రశంసాపత్రము. ఇక దోషమెవరిది? సుంకన్నది. ఎదుటివాని ఆయుధమును ఈల లేకుండ తాకుట ఆరవ నిబంధనకు విరుద్ధము. గీత దాటుట ఏడవ దానికి విరుద్ధము."

"వానికి నిబంధనలు తెలియవు సార్."

ఎస్పీగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ముఖంలో ఒక కాంతి కనబడింది. ఆ కాంతిని ఓబుళేసు అంతకుముందు ఒక్కసారే చూశాడు, ఉప్మా పోయిన నాలుగోనాడు.

"అదియే! అలవాటు మంచిదే. అది ఏకపక్షమగుటయే లోపము. ఉభయపక్షములకును నేర్పిన ఎవరికి భయము?"

ఆ జిల్లాలో ప్రతి ఆదివారం రౌడీషీటర్లు స్టేషనుకు వచ్చి సంతకం పెట్టి, బుద్ధిగా ఉంటామని చెప్పి వెళ్ళడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఇకమీదట వాళ్ళు మైదానానికి రావాలని ఉత్తర్వు వచ్చింది. మొదటి ఆదివారం నూటపదకొండుమంది వచ్చారు. కొందరు భార్యలు కట్టిన చద్దిమూటలతో వచ్చారు. ఓబుళేసు కట్టెతో చేసిన పిస్టళ్ళు పంచాడు.

"కట్టెదా సామీ?" అని ముందువరుసలోని పెద్ద మీసాలాయన చిన్నబుచ్చుకున్నాడు. "ఇంట్లో నిజంది ఉండాది. వచ్చే వారం తెచ్చుకునేదా?"

"నోరు మూస్కోని నిలబడు."

"అది కాదు సామీ, చేతికి బరువు అలవాటు గావాల గదా. మీరే అంటిరి."

ఆయన మాటలో న్యాయం ఉందని ఓబుళేసుకు తోచింది. తోచినందుకు సిగ్గుపడ్డాడు.

కానిస్టేబుళ్ళకు ఆరు నెలలు పట్టిన విద్య రౌడీలకు ఆరు వారాల్లో వచ్చింది. వాళ్ళకు సెలవులు లేవు, బందోబస్తు డ్యూటీలు లేవు, ఇంటిదగ్గరా సాధన చేసేవారు. బెయిలుమీద వచ్చిన సుంకన్న అందరినీ మించాడు. సందుల్లో పిల్లలను వరుసగా నిలబెట్టి నేర్పేవాడట. దసరా వచ్చేసరికి వాడికి ఎస్పీగారి చేతులమీదుగా ఉత్తమ అభ్యాసి పత్రం, స్టీలు టిఫిను డబ్బా వచ్చాయి. ఎడమచెవికి తమ్మె లేని మద్దిలేటి చప్పట్లు కొట్టే వరుసలో కూర్చున్నాడు.

కార్తీకమాసం మొదలైంది. ఒక మంగళవారం మధ్యాహ్నం ఓబుళేసు మైదానంలో ఉండగా జీపు వచ్చి దుమ్ములో ఆగింది. డ్రైవరు దిగకుండానే అరిచాడు.

"ఉస్తాదన్నా, ఎక్కు! ఈల ఉందా మెళ్ళో?"

"ఉంది. ఏమైంది?"

"పత్తి మిల్లులో మద్దిలేటి, సుంకన్న ఎదురెదురుగా నిలబడిండారు. ముప్పావు గంటయింది. నువ్వొచ్చి ఈల ఊదితే గాని దించరంట."

దారిలో డ్రైవరు చెప్పినదాన్నిబట్టి జరిగింది ఇది. సుంకన్న మామూలు వసూలుకు మిల్లుకు వెళ్ళి, యజమాని ఇవ్వనంటే ఆరు గుళ్ళ నాటు తుపాకీ తీశాడు. కబురందుకుని ఎస్సై, మద్దిలేటి, మరి నలుగురు వెళ్ళారు. సుంకన్న రెండుసార్లు కాల్చాడు. ఒకటి రేకు కప్పుకు తగిలింది, ఒకటి నీళ్ళ తొట్టికి. మద్దిలేటి రెండుసార్లు కాల్చాడు. ఒకటి పత్తి బేలులో దూరింది, ఒకటి ఎటు పోయిందో తెలియలేదు. అంతే. ఇద్దరూ ఒకేసారి వంగారు. ఒకేసారి ఆయుధాలు నేలమీద పెట్టారు. ఒకేసారి మూడడుగులు వెనక్కి వేశారు. మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ళంతా ఆ పలుకు విన్నారు. రెండు గొంతులూ కలిసి, భజన గుడిలో పలికినంత శ్రుతిగా పలికాయి.

ఓబుళేసు మిల్లు పెరట్లో దిగేసరికి కానిస్టేబుళ్ళు సున్నం దొరక్క పొయ్యి బూడిదతో గీత గీసి, దాని ఇవతల నిలబడి ఉన్నారు. గీత అవతల, నడిమి ఎండలో, శిష్యులిద్దరూ చేతులెత్తుకుని ఉన్నారు. ఒక ముసలామె సుంకన్న నోట్లో చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆమెకు నిబంధనలు తెలియవు గనుక గీత దాటగలిగింది.

"దించుకోరా నాయనా, భుజాలు పడిపోతాయి," అంటోంది ముసలామె.

"ఈల గాకుండా దించగూడదవ్వా. పది చుట్లు కొట్టిస్తారు." సుంకన్న గుటక మింగి మద్దిలేటివైపు చూశాడు. "నువ్వు దించరా ముందు."

"నేనేం దించేది? నువ్వు దించు, దొంగనా కొడకా."

"తిట్టగూడదు. పదకొండో నిబంధన. సార్, ఈయప్ప తిడ్తాండాడు, రాస్కోండి."

"చేతులు నొప్పి పెడ్తాండాయా?" అన్నాడు మద్దిలేటి కాసేపటికి.

"గుంజుతాండాయబ్బా. నీకు?"

"నాకు ఎడమది పడిపోయింది. ఉండాదో లేదో తెలీడం లే."

ఎస్సై పరుగున వచ్చి ఓబుళేసు చేయి పట్టుకున్నాడు. "అన్నా, బతికించినావు. ఊదు."

ఓబుళేసు ఈల అందుకున్నాడు. ఇత్తడి ఎండకు కాలి ఉంది. పెదవుల మధ్య పెట్టుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు ఆయన కంటికి మద్దిలేటి పాదాలు కనబడ్డాయి. కుడిపాదం మడమ లేచి ఉంది. సుంకన్న మడమ కూడా లేచి ఉంది. ఈల నోటిదగ్గరికి వెళ్ళడం ఇద్దరూ చూశారు. ఇద్దరి కళ్ళూ నేలమీది ఆయుధాలమీద ఉన్నాయి.

ఈల తరువాత ఏమిటి? మూడడుగులు ముందుకు. ఆయుధం అందుకో. మళ్ళీ రెండు.

ఇద్దరికీ తానే నేర్పాడు. ఇద్దరూ ఉత్తములే. ఇంత దగ్గరలో రెండోసారి ఏ ఒక్కడి గురీ తప్పదు.

ఆయన ఊపిరిని మెల్లగా ముక్కుతో విడిచిపెట్టాడు.

"ఊదవేందన్నా?" అన్నాడు ఎస్సై.

"ఊదితే రెండు శవాలు మోయాల సార్."

"మరెట్ల? గీత దాటితే సస్పెన్షను. ఏడో నిబంధన!"

ఓబుళేసు ఈలను చొక్కా లోపలికి జారవిడిచాడు. నరసింహా అనుకున్నాడు. బూడిద గీతమీద కాలు పెట్టాడు. పెట్టిన కాలు వెనక్కి పోదామని చూసింది. రెండో కాలు పెట్టాడు. నడిచి వెళ్ళి వంగి, కుడిచేత్తో పిస్టలు, ఎడమచేత్తో నాటు తుపాకీ ఎత్తుకున్నాడు. విధానం వచ్చినప్పటినుంచి పరుల ఆయుధం ఆయన ముట్టుకోవడం అదే మొదలు. అందరివైపూ చూసి, "ఇప్పుడు పట్టుకోండి వాణ్ణి," అన్నాడు.

సుంకన్నకు సంకెళ్ళు వేస్తుంటే వాడు ఉస్తాదు ముఖంలోకి చూసి, "ఇది మీరు నేర్పలే సామీ," అన్నాడు. నిందవేసినట్టే అన్నాడు.

మద్దిలేటి చేతులు పైనే ఉన్నాయి. ఓబుళేసు తుపాకులు ఎస్సైకి ఇచ్చి వచ్చి, వాడి మణికట్లు పట్టుకుని, పసివాడికి చొక్కా విప్పినట్టు, ఒక్కొక్క చేయీ కిందికి దించాడు.

విచారణాధికారిగా డీఎస్పీ వేదాద్రిగారు వచ్చారు. సంస్కృతం చదువుకున్నవారు. విచారణ ఎంతో మర్యాదగా జరిగింది.

"సంఘటనాస్థలమునకు ఈలతో సహా చేరితిరి. నిజమేనా?"

"నిజమే సార్."

"ఈల పనిచేయు స్థితిలో ఉన్నదా?"

"ఉండాది సార్."

"మీ ఊపిరితిత్తులు?"

"బాగుండాయి సార్."

"అయినను ఊదలేదు. పైగా గీత దాటితిరి. పైగా పరుల ఆయుధములను రెంటిని, ఒకేసారి, చెరియొక చేత తాకితిరి. కారణము?"

"ఇద్దరూ బతకాలని సార్."

వేదాద్రిగారు నిబంధనల పుస్తకం మొదటి పుటనుంచి చివరి పుటవరకు తిరగవేశారు. ఆదరంగానే తల ఆడించారు. "ఆ కారణము ఇందులో లేదు," అన్నారు.

నివేదిక పది రోజుల్లో వచ్చింది. కానిస్టేబుల్ మద్దిలేటి ప్రవర్తన, నిందితుడు సుంకన్న ప్రవర్తన ఆదర్శప్రాయములనీ, ఉభయపక్షములలో ఎవరికీ గాయము కాకపోవుట విధానము యొక్క విజయమనీ రాశారు. సంఘటనాస్థలమున నియమోల్లంఘనము చేసినవాడు ఉస్తాదు ఒక్కడేనని తేల్చారు. ముప్పావు గంట ఆలస్యానికి కారణం జిల్లాకంతటికీ ఈల ఒకటే ఉండుట గనుక, ఇకమీదట ప్రతి కానిస్టేబుల్‌కూ, నమోదైన ప్రతి రౌడీషీటరుకూ తలా ఒక ఈల ఇవ్వాలని సూచించారు. ఎవరి ఈల వారే ఊదుకొనవచ్చును.

ఎస్పీగారు ఆ సూచనను చదివి కళ్ళు తుడుచుకున్నారని చూసినవారు చెప్పారు.

ఓబుళేసు మెడలోని ఈల తీసుకుని, ఆయనను మైదానం వెనక ఉన్న షెడ్డుకు కాపలా వేశారు. కేసుల్లో పట్టుబడిన లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు అక్కడ తుప్పుపడుతుంటాయి. పదవీవిరమణకు పద్నాలుగు నెలలుంది. "నీడపట్టున ఉద్యోగం, మంచిదే గదా," అంది ఈరమ్మ. తరువాత లోటా అందిస్తూ, "నీకేం కాలేదు గాని, మద్దిలేటి సంగతేంది? ఈసారి ఈల వాని నోట్లోనే ఉంటాదే," అంది.

ఆ మాట చాలింది. మరునాటినుంచి రోజూ పొద్దున్నే, డ్యూటీ ఎక్కకముందు, మద్దిలేటి షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. ఓబుళేసు వేపకర్ర ఒకటి చెక్కి పిస్టలు చేశాడు.

"రెండు కాల్చు. కాల్చినాక కర్ర చేతిలోనే ఉండాల. లారీ చాటుకు పో. అటూ ఇటూ చూడు. అంతే."

"అంతేనా? అరవాల్నా?"

"అరవొద్దు. నోరు మూస్కో."

మద్దిలేటి రెండు కాల్చాడు. వంగాడు, కర్ర నేలమీద పెట్టాడు, మూడడుగులు వెనక్కి వేసి చేతులెత్తాడు. ఎత్తిన తరువాత తెలిసింది. ముఖం కిందికి వేసుకున్నాడు.

"మళ్ళీ," అన్నాడు ఓబుళేసు.

పన్నెండు రోజులు అదే జరిగింది. కర్ర నేలకు తగిలి తగిలి మొన అరిగింది. పదమూడో రోజున మద్దిలేటి లారీ చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

"ఎన్నిసార్లు చేయాలన్నా ఇది?"

"అది ముప్పైవేలసార్లు చేసినావు. ఇది ముప్పైవేల ఒకటోసారి దాకా చెయ్."

"అంతలోపల ఎవడన్నా ఎదురైతే?"

ఓబుళేసు కర్ర తీసి వాడి చేతిలో పెట్టాడు. మద్దిలేటి లేచాడు. రెండు కాల్చాడు. వంగాడు. కర్ర పెట్టాడు. మూడడుగులు. చేతులు లేచాయి.

ఆ రోజు ఆదివారం. సరిగ్గా అప్పుడే గోడ అవతల మైదానంలో కొత్త ఈలలు ఒక్కసారిగా మోగాయి. నాలుగు వందల కానిస్టేబుళ్ళవీ, నూటపది మంది రౌడీలవీ. షెడ్డు రేకులమీది పావురాలన్నీ లేచిపోయాయి. మద్దిలేటి చేతులు దిగాయి. ఒక అడుగు ముందుకు పడింది. రెండో అడుగు పడింది. మూడో అడుగుకు పాదం లేచింది, చేయి కర్రవైపు చాచుకుంది.

పాదం గాలిలో ఆగింది.

వాడు ఒంటికాలిమీద, ఊపిరి బిగబట్టి, చెమటలు కారుతూ, అట్లాగే నిలబడ్డాడు. అవతల ఈలలు మోగుతూనే ఉన్నాయి. మెల్లగా ఆ పాదాన్ని పక్కకు తిప్పి, లారీ చాటున పెట్టాడు. తలవంచి అటూ ఇటూ చూశాడు.

ఓబుళేసు చిటికెనవేలు మడిచాడు.

"ఒకటి," అన్నాడు.